ఎర్తు రిజిస్టరు

ఆ ఎండాకాలం నా చేతిరాతను మెచ్చుకోని మనిషి లేడు.

ఎనభైమూడో సంవత్సరం. బీఎస్సీ రెండో ఏడు పరీక్షలు రాసేసి, కొత్తవాడలో అన్న అద్దెకుంటున్న గదిలో కాళ్లు బారజాపుకొని పడుకున్నాను. అటూ ఇటూ జంపఖానాల మగ్గాలు. పొద్దున ఆరింటికి మొదలైన చప్పుడు ఎండ నెత్తికెక్కేదాకా ఆగేది కాదు. మా అన్న ఉప్పలయ్య హనుమకొండలో ఒక సర్కారు కచేరీలో వైర్‌మ్యాన్. ఏ కచేరీయో చెప్పను. పసుపు గోడలు, పొడుగాటి వరండా, అధికారి ఉన్న గదికల్లా ఒక కూలరు. అట్లాంటివి ఆ రోజుల్లో అక్కడ చాలానే ఉండేవి. వదిన చిలుకమ్మ ఎండాకాలం నాలుగు నెలలు అదే కచేరీలో కూలర్లకు నీళ్లు పోసే పనికి పోయేది. వాళ్లకు ఐదేళ్ల బిడ్డ, సమ్మమ్మ. మా అమ్మానాన్నలు పోయాక నన్ను ఊరి నుంచి పిలిపించి కాలేజీలో వేసింది అన్నే అని అందరూ అంటారు. వేయించింది మాత్రం వదిన.

మే నెల రెండో వారంలో ఒక సాయంత్రం అన్న తువ్వాలలో చుట్టుకొని ఒక పొడుగాటి పుస్తకం తెచ్చాడు.

“మొగిలీ, నీ సదువుతోని పనివడ్డది” అన్నాడు.

అది ఎర్తు రిజిస్టరు. కూలరు లాంటి వస్తువు ఇనుప ఒంట్లోకి కరెంటు దిగితే, అది మనిషిని పట్టుకోకుండా తిన్నగా భూమిలోకి పోవడానికి ఒక తీగ ఉంటుంది. ఆ తీగ పోయి కలిసేది ఎర్తు గుంతలో. గుంతలో ఉప్పూ బొగ్గూ నింపి, నీళ్లు పోస్తూ తడి ఆరకుండా చూడాలి. కచేరీ చుట్టూ అట్లాంటివి ఐదు. కరెంటు వాటిలోకి ఎంత తేలికగా దిగుతుందో నెలకోసారి మెగ్గరు అనే పెట్టెతో కొలిచి, ఆ అంకె రిజిస్టరులో రాయాలని రూలు; అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. మెగ్గరు మూడు కచేరీలకు కలిపి ఒక్కటే. అది పెద్దాఫీసు బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి ఎప్పుడు చూసినా అధికారితో పాటు క్యాంపులో ఉండేది.

అందుకని ఎవరూ కొలిచేవారు కాదు. ఏడాదికొకసారి కరెంటు ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చే ముందు, పన్నెండు నెలల అంకెలూ ఒక్కసారే కూర్చొని రాసేవారు. అది మోసమని ఎవరికీ తోచేది కాదు. పెళ్లికి ముందు గోడలకు సున్నం వేసినట్టు అదొక పని.

“ఎంత రాయాలె?” అన్నాను.

“ఐదు దాటొద్దు. అన్నిట్ల రెండున్నర ఏసెయ్.”

“అన్నీ రెండున్నరైతే దొరికిపోతవన్నా. వానకాలం నేల నానుతది, అంకె తగ్గాలె. ఎండకు ఆరుతది, పెరగాలె. గుంతకో తీరుగ ఉండాలె.”

అన్న నోరు తెరిచి చూశాడు. “గందుకే నిన్ను సదివిస్తాన” అన్నాడు. అన్న ఏడో తరగతి. అక్షరాలు పేర్చుకుంటూ తెలుగు చదువుతాడు, సంతకం పెడతాడు. ఇంగ్లీషు ఆయనకు బొమ్మలు.

నేను పంతంగా కూర్చున్నాను. మూడు కలాలు తీసుకున్నాను. వేర్వేరు రోజుల్లో రాసినట్టుండాలని కొన్ని నెలలు నీలం సిరాతో, కొన్ని నల్ల సిరాతో, కొన్ని బాల్‌పెన్నుతో రాశాను. పాత నెలల పేజీలను చెమట చేత్తో రుద్దాను. వదిన గడప దగ్గర చేట ముందేసుకొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది.

“ఎవల జాతకం రాస్తానవ్ మొగిలీ, గంత మనసువెట్టి?”

“మీ కూలర్ల జాతకం వదినె.”

“అయితె మూడో గదిల దానికి జర మంచిగ రాయి. ముట్టుకుంటె చాలు, చేతులకెల్లి జుమ్మని గుంజుతాంది.”

“దానికి ఎర్తు తీగ లేదు” అన్నాడు అన్న, చొక్కా విప్పుతూ. “నాలుగు గదులల్ల లేదు. గుంతల దాక ఉన్నది గని, గదులల్లకు రాలె. తీగ కావాలని రెండేండ్ల సంది ఇండెంటు వెడ్తాన. తీగ వచ్చేదాక నా రబ్బరు చెప్పులు ఇడువకు. ప్లాస్టిక్ డబ్బతోని దూరం నుంచి పొయ్యి.”

“నీ చెప్పులేసుకొని నడుస్తాంటె అవి ముందల పోతానయి, నేను ఎనుక పోతాన. ఆ గుమస్త ఎంకట్రాజం సారు చప్పుడిని, నువ్వనుకొని, ఉప్పలయ్యా ఫ్యాను సూడు అంటాండు.”

“అననీ. వానికేం పని?”

నేను ఇదంతా విన్నాను. వింటూనే జులై నెల కింద ఒకటి పాయింట్ ఎనిమిది వేశాను.

తనిఖీ ముందురోజు గుంతలకు నీళ్లు పట్టాం. ఆ ఏడు నీళ్లకు కటకట. కచేరీ బావి అడుగుపట్టింది. సందు చివర బోరింగు నుంచి వదినా నేనూ మధ్యాహ్నమంతా బిందెలు మోశాం. ఓవర్సీరు పాండురంగం వరండా నీడలో నిలబడి చూస్తున్నాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. పండుగొస్తే అందరి పిల్లలకూ మిఠాయి ఇచ్చే మనిషి.

“ఇంక పొయ్యి చిలుకమ్మా. రేపు పదింటిదాక తడి ఉండాలె. ఉప్పు గూడ గుమ్మరియ్యి.”

“మేడారంల సమ్మక్కకు బెల్లం బంగారం వెట్టినట్టు వెడ్తానం సారూ. మొక్కేందో చెప్పకపోతిరి.”

“నా ప్రమోషనే తల్లీ, ఇంకేమున్నది.”

అందరం నవ్వాం. ఏడాది పొడుగునా రోజుకు గుంతకొక బిందె పోస్తే సరిపోయే పని అది. ఆ ఒక్క బిందె ఎవరి డ్యూటీలోనూ లేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు. సన్నటి మనిషి, చెమటకు జారే కళ్లద్దాలు. మెగ్గరు ఆయనే తెచ్చాడు. నేలలో మేకులు దిగ్గొట్టి, తీగలు తగిలించి, పిడి తిప్పాడు. మూడు పాయింట్ ఒకటి. రిజిస్టరులో ఆ గుంతకు నేను వేసింది మూడు పాయింట్ నాలుగు. రెండో గుంతా దాదాపు కుదిరింది. మిగతా మూడూ ఆయన చూడలేదు. ఎండ. కుర్చీలో కూర్చొని మజ్జిగ తాగుతూ పేజీలు తిప్పాడు.

“ఈ జిల్లాలో ఇట్లాంటి రిజిస్టరు నేను చూడలేదు” అన్నాడు. “వానాకాలం తగ్గింది, ఎండాకాలం పెరిగింది. నిజంగా కొలిచిన వాళ్లకే ఇట్లా వస్తుంది. రాత ఎవరిది?”

“మా వైర్‌మ్యాన్‌దే సార్” అన్నాడు పాండురంగం.

అన్న తల వంచుకున్నాడు. స్తంభం చాటున నిలబడ్డ నాకు ఒళ్లు పొంగింది. ఇన్‌స్పెక్టరు గదుల్లోకి పోలేదు. అక్కడే సంతకం పెట్టి జీపెక్కాడు.

ఆ మర్నాడే అన్నను పది రోజుల పని మీద ఏటూరునాగారం పంపారు. అక్కడేదో ఆఫీసుకు కొత్త వైరింగు. పోతూ పోతూ వదినకు చెప్పులు జ్ఞాపకం చేశాడు. ఆయన పోయిన రెండో రోజు పెయింటరు వచ్చి ప్రతి కూలరు మీదా తెల్లరంగుతో అక్షరాలూ తేదీ వేసి పోయాడు. నేను ఆ రోజు వదినకు సద్ది ఇవ్వడానికి పోయాను.

“మొగిలీ, దీని మీద ఏం రాసిండ్రు?”

“పరీక్షించబడినది.”

“అంటె?”

“అంటె పెద్దసారు సూసిండు, మంచిగున్నదన్నట్టు.”

“మూడో గదిల దాని మీద గూడ రాసిండ్రు మరి. దానికి తీగ లేదనె మీ అన్న.”

“ఇన్‌స్పెక్టరే సంతకం పెట్టిండు వదినె. ఇంక భయమెందుకు?”

ఆ మాట నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను. తీగ లేదని నాకు తెలుసు. అన్న చెప్పగా నా చెవులతో విన్నాను. కానీ చదువుకున్న పెద్దమనిషి నా అంకెలను నిజమన్నాక, వాటిని నేనూ నమ్మడం మొదలుపెట్టాను. నా అంకెల ప్రకారం ఆ కచేరీలో ఎక్కడా ఏ లోపమూ లేదు.

గుమస్తా వెంకట్రాజం బల్ల దగ్గర నుంచి అందుకున్నాడు. “ఇగనన్న ఉప్పలయ్య చెప్పులు ఉప్పలయ్యకియ్యి చిలుకమ్మా. పాపం అడివిల ఉత్తకాళ్లతోని తిరుగుతాండేమో.”

“నీ కాళ్లకు సాలయి సారూ, లేకుంటె నీకే ఇద్దును” అంది వదిన. గదంతా నవ్వింది.

మర్నాటి నుంచి ఆ చెప్పులు మంచం కిందే ఉన్నాయి.

శుక్రవారం పదకొండు గంటలకు సమ్మమ్మకు పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నాను. వెంకట్రాజం సైకిలు మీద వచ్చాడు. దిగలేదు. ఒంటికాలు నేల మీద ఆనించి, “మొగిలీ, జల్ది రా. మీ వదినె పడ్డది” అన్నాడు. సమ్మమ్మను పక్క మగ్గపోళ్లింట్లో దింపి వెనక ఎక్కాను. ఆయన వీపు చెమటతో తడిసిపోయి ఉంది.

వదినను వరండాలో పడుకోబెట్టారు. చీర తడిగా ఉంది. మూడో గదిలోంచి నీళ్లు గడప దాటి ఇంకా పారుతున్నాయి. ఇనుప బకెట్ గోడ పక్కన పక్కకు ఒరిగి ఉంది. గదిలో పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

“చెయ్యి అంటుకపోయింది బిడ్డా” అన్నాడు అటెండరు సారయ్య. “కట్టెతోని కొట్టేదాక రాలె.”

దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి, మా మొహాల వైపు చూడకుండా కాగితం అడిగాడు.

అన్న మర్నాడు మధ్యాహ్నం బస్సులో దిగాడు. ఏడవలేదు. జరగాల్సినవన్నీ తన చేతులతోనే చేశాడు. మూడోనాడు ఇల్లు ఊడుస్తూ మంచం కిందికి వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు. చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

“ఇవి ఇంట్ల ఎందుకున్నయ్?”

నేను ఆయన వదిలేసిన చీపురు అందుకున్నాను.

“అమ్మ వద్దన్నది బాపూ” అంది సమ్మమ్మ. “కూలరు మంచిగైందట.”

“ఎవలన్నరు?”

“ఏమో. అమ్మే అన్నది.”

అన్న వాటిని మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాడు. నేను బిందె తీసుకొని నీళ్లకు పోయాను. ఇంట్లో బిందె నిండుగానే ఉంది.

ఏడో రోజు పాండురంగం వచ్చాడు. సమ్మమ్మకు బిస్కెట్ ప్యాకెట్ తెచ్చాడు. కాసేపు మంచం పట్టె మీద చేయి రాస్తూ కూర్చొని, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

“ఎంక్వైరీ వడ్డది ఉప్పలయ్యా. పైనుంచి ఆఫీసర్ వస్తాండు. నీ స్టేట్‌మెంటు టైపు కొట్టించిన, సంతకం పెడితె అయిపోతది.”

“తీగ లేదని రాయాలె సారూ. నేను ఇండెంటు వెట్టిన అని.”

“తీగ లేదంటవ్. మరి రిజిస్టర్ల అంతా మంచిగున్నదని సంతకం ఎట్ల వెట్టినవ్ అని అడుగుతరు. ముందు పొయ్యేది నీ వైర్‌మ్యాన్ పర్మిటు. ఎనుక నా నౌకరి. రాసింది ఎవలని అడిగితె…” ఆయన నా వైపు చూసి ఆగాడు. “పోలగాని సదువు గూడ ఆగమైతది. పోయిన మనిషి ఎట్లనో పోయింది. ఉన్నోళ్ల సంగతి సూడాలె గదా.”

అన్న కాగితం అందుకున్నాడు. అది ఇంగ్లీషు. నాకు ఇచ్చాడు. “సదువు.”

ఒక్క పేజీ. కళ్లతో ఒకసారి దిగి చివరికొచ్చాను. కచేరీలోని పరికరాలన్నీ నిబంధనల ప్రకారం ఉన్నాయనీ, రిజిస్టరు అందుకు సాక్ష్యమనీ ఉంది. మృతురాలు తనకు చెప్పిన మాట లక్ష్యపెట్టక, ఉత్తకాళ్లతో, తడి చేతులతో కూలరును ముట్టుకున్నదనీ, ఈ మరణానికి కారణం పూర్తిగా ఆమె నిర్లక్ష్యమేననీ, భర్తగా ఈ సంగతి తాను ఒప్పుకుంటున్నాననీ ఉంది.

“కూలరుకు నీళ్లు పోస్తాంటె కరెంటు కొట్టి పోయిందని రాసిండ్రు” అన్నాను.

“ఇంక?”

“కచేరీల అన్నీ రూలు ప్రకారమే ఉన్నయని.”

“అది రాస్తరు. ఎరుకే. ఆమెది తప్పని రాసిండ్రా?”

పాండురంగం కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“లేదన్నా.”

“మంచిగ సూడు మొగిలీ. గట్ల రాస్తె నేను పెట్ట. నౌకరి పోతె పోయింది, పొయ్యి కూలి జేసుకుంట. ఆమె నా మాట ఏనాడు జవదాటలె. దాని పానం తీసింది మేమే, తీసినంక తప్పు గూడ దాని మీదనే ఏసుడంటె నాతోని కాదు.”

ఆ “మేము”లో నేనున్నానని ఆయనకు తెలుసో లేదో. ఉద్యోగం, పర్మిటు ఆయన వదిలేస్తానన్నాడు. నా చదువు సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తకపోయినా నాకు అదే కనిపించింది. మూడు కలాల రాత ఎవరిదని పోలీసులు అడగడం, కాలేజీలో నా పేరు కొట్టేయడం.

“లేదన్నా. ఆమె తప్పని ఏడ లేదు.”

అన్న కాగితాన్ని పలక మీద పెట్టుకొని, అక్షరం అక్షరం ఒత్తిపెట్టి సంతకం చేశాడు. పాండురంగం దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడప దాటేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి ఒకసారి నొక్కాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తుంది.

జూన్ రెండో వారంలో ఎంక్వైరీ జరిగింది. కచేరీలోనే, మొదటి గదిలో. వచ్చిన అధికారి మర్యాదస్తుడు. అన్నను కుర్చీలో కూర్చోమన్నాడు. అన్న నిలబడే ఉన్నాడు. నేను గుమ్మం పక్కన బెంచీ మీద ఉన్నాను. తలుపు తెరిచే ఉంది.

“నీ స్టేట్‌మెంటు తెలుగులో చదువుతాను. సరిగ్గా ఉందో లేదో చెప్పాలి” అన్నాడు అధికారి. అది రూలేమో. అట్లా చదువుతారని నేను అనుకోలేదు. పాండురంగం కూడా అనుకున్నట్టు లేదు.

ఆయన నింపాదిగా చదివాడు. పరికరాల మాట అయింది. రిజిస్టరు మాట అయింది. తర్వాత ఉత్తకాళ్ల మాట వచ్చింది. నిర్లక్ష్యం మాట వచ్చింది. భర్తగా ఒప్పుకుంటున్నానన్న మాట వచ్చింది.

అన్న తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. కోపం కాదు. స్తంభం మీద పనిచేస్తూ కింద మనిషి ఉన్నాడో లేడో చూసుకున్నట్టు చూశాడు. పాండురంగం దగ్గాడు.

“ఇది నీకు తెలిసే సంతకం పెట్టావా?”

అన్న బల్ల మీది కాగితం కింద ఉన్న తన సంతకాన్ని చూస్తున్నాడు.

“చెప్పు ఉప్పలయ్యా. ఎవరైనా బలవంతం చేశారా? చదివి వినిపించకుండా పెట్టించారా?”

ఒక్క మాట చాలు. ఆ కాగితం చిరిగిపోయేది, వదిన మీద మచ్చ పోయేది. ఆ మాటతో పాటు నేనూ పోయేవాణ్ని.

“లేదు సారూ” అన్నాడు అన్న. “మా తమ్ముడు బీయస్సీ. వాడే సదివి చెప్పిండు. అంతా ఇన్నంకనే పెట్టిన.”

“మంచిది” అని అధికారి కింద సంతకం చేశాడు.

బయట అన్న సైకిలు తాళం తీశాడు. వెనక ఎక్కాను. హనుమకొండ నుంచి కొత్తవాడ దాకా ఆయన రెండే మాటలు మాట్లాడాడు. దారి ఎత్తెక్కే చడావు దగ్గర “దిగు” అన్నాడు. అది దాటాక “ఎక్కు” అన్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. ఆ రోజూ తిట్టలేదు, మర్నాడూ తిట్టలేదు. అన్నం వడ్డించేవాడు. సమ్మమ్మకు జడ వేయడం రాక రెండు పాయలు తిప్పి ముడి పెట్టేవాడు. నాతో అవసరమైనవన్నీ మాట్లాడేవాడు. అవసరం లేని మాట మాత్రం ఒక్కటీ లేదు.

రెండేళ్లుగా రాని తీగ ఆ నెలలో వచ్చింది, రెండు చుట్టలు. అన్న ఎవరినీ సాయం పిలవకుండా నాలుగు రోజుల్లో ప్రతి గదికీ లాగాడు. మూడో గది చివర చేశాడట. అక్కడ ఒక పూట పట్టే పనికి రోజంతా పట్టిందని సారయ్య చెప్పాడు. ఆ తర్వాత వానలు పడ్డాయి. కూలర్లను గోనెసంచులు కప్పి మూలకు జరిపారు.

జూన్ ఆఖరి రోజున అన్న మళ్లీ తువ్వాలలో రిజిస్టరు చుట్టుకొని వచ్చాడు. ఆ ఏటి నుంచి ఏ నెలకా నెల రాయాలని పైనుంచి ఉత్తర్వు. మెగ్గరు ఇంకా పెద్దాఫీసు బీరువాలోనే ఉంది. తాళంచెవి క్యాంపులోనే ఉంది.

నేను లేచి కలం తీశాను. “తే అన్నా, రాస్త.”

“వద్దు.”

ఆయన గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాడు. రిజిస్టరు తొడ మీద పెట్టుకున్నాడు. సమ్మమ్మ పక్కన చేరి చూస్తున్నది. ఎడమ పేజీ నిండా మూడు కలాలతో రాసిన నా అంకెలు, వరసగా, ముచ్చటగా ఉన్నాయి. కుడి పేజీలో జూన్ గడి కింద అన్న వంకర అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. మొదటి గుంత: కొలవలేదు. రెండో గుంత: కొలవలేదు. ఐదు గుంతలకూ ఐదుసార్లు రాశాడు. ఒక్కో మాటకూ చాలాసేపు పట్టింది.

“అట్ల రాస్తె మెమో ఇస్తరన్నా” అన్నాను.

“కొలిచిన్నా?”

“లేదు.”

“మరి?”

కింద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసి తువ్వాలలో చుట్టాడు.

మెమో జులై పదో తారీఖున వచ్చింది. దాన్ని కూడా నాతో చదివించుకోలేదు. ఆ నెల గడిలోనూ ఆయన అదే మాట రాశాడు.